పాత గ్రంథంలోంచి కొత్త నవల: చారిత్రక నవలకు మూలాలను ఎలా చదవాలి, ఎలా మలుచుకోవాలి

మోటుపల్లి రేవున్న రాజ్యం గురించి రాస్తూ మార్కోపోలో అక్కడ ఒక రాణి ఏలుతోందన్నాడు. రాజు పోయాక ఆయన భార్యే నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందట. ఆ రాణి మన రుద్రమదేవి. కానీ ఆమె గణపతిదేవుడికి కూతురు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆ మాట చెబుతోంది. నలభై ఏళ్ల లెక్క కూడా కుదరదు. ఆమె 1262 ప్రాంతంలో పట్టానికి వచ్చి 1289లో కన్నుమూసింది.

చరిత్రకారుడైతే మార్కోపోలో పొరబడ్డాడని తేల్చి ముందుకు పోతాడు. నవల రాసేవాడు అక్కడే ఆగాలి. ఆ వెనిస్ బేహారి రేవులో ఎవరిని అడిగి ఉంటాడు? మధ్యలో మాట మార్చి చెప్పిన దుబాసీ ఎవరు? ఆడమనిషి సింహాసనం మీద కూచుందంటే మొగుడు పోయి ఉంటాడు తప్ప ఇంకో కారణం ఊహించలేకపోయింది అడిగినవాడా, చెప్పినవాడా? ఒక్క తప్పులోంచి ఇద్దరు మనుషులు, ఒక రేవు, ఒక సంభాషణ బయటికొచ్చాయి. చారిత్రక నవల చాలావరకు ఇలాంటి చోట్లే పుడుతుంది. ఆధారాలన్నీ ఒకే మాట చెప్పిన చోట మనం చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

నవల రాయాలని కూచుని, ముందు నాలుగు లావాటి పుస్తకాలు పెట్టుకుని, ఏది ఎంత నమ్మాలో తెలియక టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలా పడ్డవాడినే. ఉదాహరణలన్నీ తెలుగు చరిత్ర నుంచే తీసుకున్నాను.

1. తగాదా ఉన్న చోటు పట్టుకోండి

"కాకతీయుల మీద రాస్తాను" అంటే అది ఇంకా కోరిక మాత్రమే. నవలకు ఒక చిక్కు కావాలి. దాన్ని రెండు చోట్ల వెతకొచ్చు. ఒకటి, రెండు ఆధారాలు పోట్లాడుకునే చోటు. రెండోది, ఆధారం చెప్పాల్సింది చెప్పకుండా నోరు మూసుకున్న చోటు.

నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, శివలోకం చేరిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం దక్కాలని దానం ఇచ్చాడు. వాళ్లిద్దరూ ఎలా చనిపోయారో రాయించలేదు. ఆ మరుసటి ఏడాది, 1290లో, రుద్రమకు ఎదురుతిరిగిన సామంతుడు కాయస్థ అంబదేవుడు త్రిపురాంతకంలో శాసనం వేయించి మల్లికార్జునుడికి సప్తాంగాలూ (రాజు, మంత్రి, కోట, ఖజానా వంటి ఏడు రాజ్యాంగాలు) లేకుండా చేశానని చెప్పుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, అంబదేవుడితో జరిగిన పోరులోనే రుద్రమ మరణించి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు.

నన్నడిగితే ఇందులో నవల రుద్రమది కాదు, ముమ్మడిది. యుద్ధం చూశాడో లేదో తెలియదు. రాణి ఎలా పోయిందో అతనికి తెలిసే ఉంటుంది. అయినా రాతి మీద పుణ్యం గురించే చెక్కించాడు. ఎందుకు? మీ నోటుబుక్కు మొదటి పేజీలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి రాసుకోండి. అది రాసేదాకా మొదటి అధ్యాయం జోలికి పోవద్దు.

2. మూలాలను వయసు వరుసలో పెట్టండి

చదివిన ప్రతి పుస్తకానికీ రెండు తేదీలు వేయాలి: ఏ కాలం గురించి చెబుతోంది, ఏ కాలంలో రాశారు. ఈ రెంటి మధ్య దూరమే మీకు అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం.

రాయవాచకం దీనికి మంచి పాఠం. మధురనాయక రాజు విశ్వనాథనాయనయ్యకు ఆయన స్థానాపతి (రాయల కొలువులో ఆయన తరఫు రాయబారి) రాసి పంపిన నివేదిక రూపంలో ఉంటుంది. చదువుతుంటే కృష్ణదేవరాయల సభలోంచి అప్పుడే వచ్చిన వార్తలా అనిపిస్తుంది. అందుకే చాలాకాలం దాన్ని రాయల నాటి రచనే అనుకున్నారు. 1993లో ఫిలిప్ వాగనర్ దాన్ని వివరంగా పరిశీలించి, రాయలు పోయిన చాలా దశాబ్దాలకు, విజయనగరం పాడుపడ్డాక, మధుర నాయకుల కొలువులో పుట్టిన రచన అని వాదించాడు. అంటే నివేదిక అన్నదే ఒక వేషం. ఆ వేషం వేసినవాడూ మనలాంటివాడే: తన కాలం అవసరం కోసం వెనకటి కాలాన్ని మలుచుకున్నాడు. ఆ తర్వాత కుమార ధూర్జటి కృష్ణరాయవిజయం ఆ వచనాన్నే పద్యకావ్యంగా మార్చింది. ఒక మూలం మీద ఇంకో మూలం, దాని మీద మరొకటి, ఉల్లిపొరల్లా ఉంటాయి. మీ నవల ఇంకో పొర.

తెలుగులో మామూలుగా ఎదురయ్యే పొరలు ఇవీ. శాసనాలు ముందు. తర్వాత ఆ కాలపు కావ్యాలు, వాటి అవతారికలు (ముందుమాట పద్యాలు), కృతిభర్తల (కావ్యం అంకితం పుచ్చుకున్నవారి) వంశవర్ణనలు. విదేశీ యాత్రికులు. రాజ్యాలు పోయాక వచ్చిన చరిత్రలు. ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్ర అలాంటిదే, 1323లో ఓరుగల్లు పడిపోయిన ఎంతోకాలానికి రాసింది. వీరగాథలు. చాటువులు, అంటే కవుల పేరు మీద నోటినోట తిరిగే విడి పద్యాలు. కైఫీయతులు. ఆ తర్వాత గత వందేళ్ల నవలలు, నాటకాలు, సినిమాలు.

కైఫీయతుల గురించి కాస్త ఆగి చెప్పాలి. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, ఇంకా ఎందరో ఉద్యోగులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరా పెద్దల దగ్గరా గ్రామచరిత్రలు రాయించుకొచ్చారు. అది పందొమ్మిదో శతాబ్దం మొదట్లో సంగతి. కైఫీయతు పద్నాలుగో శతాబ్దం గురించి చెబుతున్నా, వినిపించే గొంతు కుంఫిణీ కాలపు కరణానిది. ఆయన మనసులో మాన్యాలు, మిరాసీ (వంశపారంపర్య) హక్కులు ఉంటాయి. ఊరు పుట్టిన కథ చెబుతూనే ఫలానా పొలం మా తాతలకు ఫలానా రాజు ఇచ్చాడని నెమ్మదిగా కలుపుతాడు. దాన్ని చూసి కైఫీయతును పక్కన పడేయకండి. ఆ కరణమే ఒక గొప్ప కథకుడి పాత్ర.

శాసనం చదివేటప్పుడు ఒక చిన్న కిటుకు. పైభాగంలో ఉండే ప్రశస్తిని త్వరగా దాటేయండి. శత్రువుల ఏనుగుల కుంభస్థలాలు పగలడం ప్రతి రాజుకూ ఉన్నదే. కింద దానం వివరాలకు వచ్చాక నెమ్మదించండి. మల్కాపురం శాసనంలో గోళకీమఠం అనే శైవమఠం గురువు విశ్వేశ్వర శంభువు ఏర్పాట్లు ఉన్నాయి: ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యార్థులు, వైద్యుడు, నర్తకీమణులు, వాద్యగాళ్లు, ఎవరికెంత భూమి అన్న లెక్క. పదమూడో శతాబ్దపు ఒక ఊళ్లో ప్రసూతిశాల! రాజు వీరత్వం గురించి పది శ్లోకాలు చదివినా ఆ ఒక్క మాట ఇచ్చినంత నవల ఇవ్వవు.

3. ప్రతి మూలాన్నీ సాక్షిలా నిలబెట్టి అడగండి

ఒక్కో ఆధారానికీ ఒక్కో పేజీ కేటాయించండి. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, కళ్లారా చూశారా, విన్నారా, ఈ మాట వల్ల వాళ్లకేం లాభం. జవాబులు దొరక్కపోయినా ప్రశ్నలు రాసి ఉంచండి.

చూసిన, విన్న తేడా తెలియాలంటే విజయనగరానికి వచ్చిన ఇద్దరు పోర్చుగీసుల్ని పోల్చాలి. డొమింగో పేస్ 1520 ప్రాంతంలో వచ్చి రాయలను చూశాడు. ఆయన రాసిన రాయలు నడితరం ఎత్తు, మంచి ఛాయ, సన్నం కన్నా లావనే చెప్పాలి, ముఖాన మశూచి మచ్చలు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, అదే ఒంటికి పట్టించి, కసరత్తు చేసి, కుస్తీ పట్టి, పొద్దు పొడిచేదాకా గుర్రపుస్వారీ చేస్తాడు. సినిమా రాయలకీ ఈ రాయలకీ పోలిక లేదు. ఆ మశూచి మచ్చల్ని మన కవులెవరూ పద్యంలో పెట్టలేదు. పెట్టరు కూడా. పరదేశి తన దేశం వాళ్లకు రాస్తున్నాడు, ఇక్కడి రాజు మెప్పు ఆయనకు అక్కర్లేదు. ఫెర్నావో నూనిజ్ గుర్రాల వ్యాపారి. రాయల తర్వాత వచ్చిన అచ్యుతరాయల కాలంలో, 1535 ప్రాంతంలో, విజయనగరంలో ఉండి రాశాడు. రాయల గురించి ఆయన చెప్పిందంతా విన్నదే. రాబర్ట్ సీవెల్ 1900లో ఈ రెండు వృత్తాంతాలనూ ఇంగ్లీషులో ఒకే పుస్తకంలో వేశాడు కాబట్టి చాలామంది వాటిని ఒకే తూకంతో వాడేస్తారు. అది పొరపాటు.

మార్కోపోలో పేజీలోనే ఇంకో తమాషా ఉంది. ఈ దేశంలో పాములు నిండిన లోయల్లోకి మాంసం ముద్దలు విసురుతారనీ, వజ్రాలంటుకున్న ఆ మాంసాన్ని గద్దలు పైకి మోసుకొస్తాయనీ రాశాడు. సింద్‌బాద్ కథలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. కళ్లారా చూసినట్టు చెప్పే యాత్రికుడు కూడా జేబులో పాత కథ పెట్టుకునే వస్తాడు. దాని పక్కనే ఇక్కడి సన్నబట్ట సాలెపురుగు గూడులా ఉంటుందని రాశాడు. అది మాత్రం చేత్తో ముట్టుకున్నవాడి మాటలా ఉంది. ఒకే పేజీలో ఏ వాక్యం కంటిది, ఏ వాక్యం చెవిది అని విడదీయడం అలవాటు చేసుకోండి.

ఒకే రోజు గురించి మూడు గొంతులు వినాలంటే బొబ్బిలి. 1757 జనవరి 24. మద్రాసులో కుంఫిణీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆర్మ్ తన చరిత్రలో రాసింది ఒకటి, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రం ఒకటి, జనం నోట పాడుకున్న యుద్ధకథ ఒకటి. యుద్ధం ముగిశాక, బొబ్బిలి మీదికి వచ్చిన విజయనగరం (ఉత్తరాంధ్రలోది) రాజు విజయరామరాజును గుడారంలో పొడిచి చంపిన సంగతి తీసుకోండి. ఆర్మ్ లెక్కలో నలుగురు సైనికులు రాత్రివేళ కోటగోడ దిగి పొదల్లో దాక్కుని, తర్వాత వాళ్లలో ఇద్దరు గుడారంలోకి దూరారు. వాళ్లకు పేర్లు లేవు. పాటలో ఆ పని బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడిది. పాటకు ఒక మనిషి కావాలి, ఒక పేరు కావాలి, ఎత్తిన కత్తి కావాలి. పేరులేని నలుగురి మీద వీరగాథ నిలబడదు. నవలకు ఆ ఇబ్బంది లేదు. పొదల్లో రెండు రోజులు తిండి లేకుండా కూచున్న నలుగురు ఏం మాట్లాడుకున్నారు? తర్వాత కొన్నేళ్లకు తమ పని ఇంకొకరి పేరు మీద పాడుతుంటే తిరునాళ్లలో నిలబడి విన్నవాడు ఒక్కడైనా మిగిలి ఉంటే?

4. ఒక్క కథ పట్టుకుని చేసి చూద్దాం: మేక కళ్లు

ఇంతవరకు చెప్పిందంతా చదవడం గురించే. మలచడం ఎలాగో ఒక్క ఉదాహరణ మీద నిదానంగా చూపిస్తాను.

నూనిజ్ చెప్పిన కథ ఇది. కృష్ణరాయల అన్న మంచాన పడ్డాడు. ఎనిమిదేళ్ల తన కొడుకే రాజు కావాలని, మంత్రి సాళువ తిమ్మరుసును పిలిచి తమ్ముడి కళ్లు తీయించి తెచ్చి చూపమన్నాడు. తిమ్మరుసు రాయలను గుర్రపులాయంలోకి తీసుకుపోయి సంగతి చెప్పాడు. నాకు రాజ్యం వద్దు, జోగినై పోతాను, కళ్లు తీయొద్దు అన్నాడు రాయలు. ఇరవై దాటినవాడు, పసివాడికన్నా రాజ్యానికి ఇతనే నయమని మంత్రికి తోచింది. ఒక మేకను తెప్పించి దాని కళ్లు రాజుకు చూపించాడు.

అదే నూనిజ్ కథ చివర్లో: రాయలు బతికుండగానే ఆరేళ్ల కొడుక్కి పట్టం కట్టాడు. కొన్ని నెలలకు పిల్లవాడు చనిపోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడని రాయలకు చెప్పారు. నిండుసభలో రాయలు తిమ్మరుసును నిలదీశాడు. నా కళ్లు కాపాడావని నీకు రుణపడి లేను, ఆ రోజు నీ రాజు ఆజ్ఞ మీరి మేక కళ్లు చూపించి మోసం చేశావు, అప్పుడే నువ్వు ద్రోహివి అన్నాడు. బ్రాహ్మణుణ్ని చంపకూడదు కాబట్టి చెరలో వేయించాడు, తర్వాత కళ్లు తీయించాడు.

మొదటి మెట్టు: ఈ కథ ఆకారం చూడండి. కళ్లతో మొదలై కళ్లతో ముగిసింది. మొదట చేసిన మేలే చివరికి నేరమైంది. బతుకులో సంగతులు ఇంత చక్కగా ముడిపడవు. నూనిజ్ చెవికి చేరేలోపే విజయనగరం అంగళ్లలో ఎవరో దీన్ని కథగా కుట్టేశారని నా అనుమానం. అంటే మనం ముడిసరుకు అనుకుంటున్నది అప్పటికే ఒకరు చెక్కిన బొమ్మ.

రెండో మెట్టు: గట్టి మేకులు ఏవో చూడండి. రాజకుమారుడు తిరుమలరాయడి పేరిట 1524 నాటి శాసనాలున్నాయి. రాయల పాలన 1509 నుంచి 1529. ఈ రెండూ కదలవు. విషం, సభ, మేక కదులుతాయి.

మూడో మెట్టు: ఇదే మనుషుల గురించి మిగతా పొరలు ఏమంటున్నాయో పక్కన పెట్టండి. రాయవాచకంలో అప్పాజీ (తిమ్మరుసే) అపరచాణక్యుడు. ఒడిశా రాజు గజపతికీ అతని పాత్రులకూ (పెద్ద సామంతులకూ) మధ్య దొంగ ఉత్తరాలతో అనుమానం పుట్టించి యుద్ధం లేకుండానే గజపతిని పారిపోయేలా చేస్తాడు. ఇక జనం చెప్పుకునే కథ ఒకటుంది: పట్టాభిషేకం ముందు తిమ్మరుసు రాయల చెంప ఛెళ్లుమనిపించాడు, రేపటి నుంచి నిన్ను కొట్టేవాడు ఉండడు, శిక్ష నొప్పి ఎలా ఉంటుందో గుర్తుండాలి అని. గుడ్డి తిమ్మరుసు తెలుగు కావ్యాల్లో కనిపించడు. చెంపదెబ్బ నూనిజ్‌లో లేదు. ఎవరు ఏది దాచుకున్నారో చూడండి.

నాలుగో మెట్టు: ఎవరి కళ్లలోంచి చూడాలో తేల్చుకోండి. రాజు, మంత్రి ఇద్దరూ అరిగిపోయిన నాణేలు. లాయంలో ఇంకో మనిషి ఉండి తీరాలి. మేకను తెచ్చింది ఎవరు? నా నోటుబుక్కులో ఈ సన్నివేశం ఇలా మొదలైంది:

లాయంలో దీపం లేదు. గుర్రాల ఊపిరి వినిపిస్తోంది. "నాకు రాజ్యం వద్దు అప్పాజీ. జోగినై పోతాను. కళ్లు ఉంచండి చాలు" అన్నాడు చిన్నవాడు. అప్పాజీ బదులు పలకలేదు. బయటికొచ్చి మేకలకాపరిని పిలిచాడు. "ఏ మేకను స్వామీ?" అన్నాడు వాడు. "ఏదైనా సరే" అన్నాడు అప్పాజీ. రెండడుగులు వేసి ఆగాడు. "కళ్లు పెద్దవిగా ఉన్నది."

ఇందులో లాయం, జోగి, మేక నూనిజ్‌వి. అప్పాజీ అన్న పిలుపు మన సంప్రదాయానిది. చీకటి, కాపరి, చివరి మాట నావి. ఒక పేరా రాశాక ఇలా లెక్క చెప్పగలిగితే మీ చేతిలో పగ్గాలున్నట్టే. చెప్పలేకపోతే ఎక్కడో మూలం మిమ్మల్ని లాక్కుపోతోంది, లేదా మీరు మూలాన్ని మరిచిపోయారు.

అయిదో మెట్టు, చాలామంది వదిలేసేది: ఈ కథ నూనిజ్‌కు ఎలా చేరిందన్నదే నవలలో పెట్టొచ్చు. గుర్రాలు అమ్ముకునే పరదేశికి, అచ్యుతరాయల కాలంలో, పాత రాజు రహస్యం చెప్పిన మనిషి ఎవరు? ముసలివాడైన ఆ కాపరే అయితే, తను తెచ్చిన మేక కథను ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు, చెప్పిన ప్రతిసారీ ఎంత మార్చి ఉంటాడు? అప్పుడు మూలం మీ నవలకు బయట కూచున్న ఆధారంగా ఉండదు. నవల లోపలికొచ్చి పాత్రధారి అవుతుంది.

5. మార్చడానికి జంకొద్దు, రాయలు కూడా మార్చాడు

పాత గ్రంథాన్ని ముట్టుకుంటే అపచారమని భయపడేవాళ్లకు ఆముక్తమాల్యద చూపిస్తాను. గోదాదేవి కథ వైష్ణవ సంప్రదాయంలో ఎప్పటినుంచో ఉన్నదే. రాయలు దాన్ని తీసుకుని, నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెప్పే ఘట్టం పెట్టాడు. మంత్రులను ఎలా నమ్మాలి, దుర్గాలు ఎవరికి అప్పగించాలి, సరిహద్దు మన్నెగాళ్లతో ఎలా ఉండాలి. చెబుతున్నది పాత ఆచార్యుడు. అనుభవం పదహారో శతాబ్దపు చక్రవర్తిది. తన మాట చెప్పుకోవడానికి పాత పాత్ర నోరు అరువు తెచ్చుకున్నాడు. మనం చేసేదీ అంతే.

కానీ ఒక హద్దు పెట్టుకోండి. చచ్చిపోయిన ఏడాది, యుద్ధాల వరుస, ఎవరి బిడ్డ ఎవరు అన్నవి శాసనం తేల్చి ఉంటే కదపకండి. కదపాల్సి వస్తే కావాలనే కదిపారని చదివేవాడికి తెలిసేలా చేయండి. ఉద్దేశాలు, మాటలు, రహస్యాలు, ఎవరూ చూడని గదులు మీవి. ఇద్దరు చిన్న పాత్రలను ఒకరిగా కలపొచ్చు. పదేళ్ల వ్యవధిని ఒక ఋతువులోకి కుదించడం మాత్రం ప్రమాదం; రాజకీయ కారణాలు తలకిందులవుతాయి.

6. ముందు నవలాకారుడి అప్పు గుర్తించండి

ఇది తెలియకుండా జరిగే దొంగతనం గురించి. అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి చదివినవాళ్లకు గన్నారెడ్డి అంటే గజదొంగ, పైకి తిరుగుబాటుదారు, లోపల రుద్రమకు విధేయుడు. అది అంత బలంగా నాటుకుపోయింది కాబట్టి చాలామంది దాన్ని చరిత్రే అనుకుంటారు. శాసనాల్లో ఆయన కాకతీయుల సామంతుడు; 1294 నాటి రాయచూరు కోట శాసనం ఆయన సేనాని విఠలనాథుణ్ని చెబుతుంది. గజదొంగ వేషం నవలది. మీరు రుద్రమ మీద రాస్తూ అడవిలో గజదొంగను పెట్టారంటే మీరు వాడుకుంటున్నది చరిత్రను కాదు, బాపిరాజును.

కాబట్టి మీకు "అందరికీ తెలిసిందే" అనిపించిన ప్రతి సంగతినీ అనుమానించండి. అది ఎక్కడ మొదటిసారి కనిపిస్తోందో వెనక్కి వెతుక్కుంటూ పోండి. సినిమా దగ్గర ఆగితే సినిమాది, నవల దగ్గర ఆగితే ఆ రచయితది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో: మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్లదాకా కాపీరైటు ఉంటుంది. పాత కావ్యానికి అది లేకపోయినా, దానికి ఇటీవల ఎవరైనా రాసిన వ్యాఖ్యానానికీ అనువాదానికీ ఉండొచ్చు. వ్యాఖ్యాత వాక్యాన్ని ఎత్తి పాత్ర నోట్లో పెట్టకండి.

7. మాట, వస్తువు, డబ్బు

నా మొదటి రాతప్రతిలో కాకతీయుల వంటింట్లో పోపులో ఎండుమిరపకాయలు పడ్డాయి. మూడుసార్లు దిద్దినా నా కంటికి ఆనలేదు. చదివి పెట్టిన స్నేహితుడు ఎర్రసిరాతో సున్నా చుట్టి "పోర్చుగీసువాళ్లు ఇంకా రాలేదు" అని రాశాడు. అప్పటిదాకా కారం అంటే మిరియాలే. వేరుశనగ, టమాటా, బంగాళాదుంప, జామ, బొప్పాయి, పొగాకు అన్నీ ఆ జాబితాలోవే.

మాటల్లోనూ ఇదే గొడవ. దర్బారు, ఖైదు, హుకుం, ఫిర్యాదు, జవాబు మన నోట్లో ఎంత తెలుగైపోయినా గణపతిదేవుడి సభలో వినిపించకూడదు. బొబ్బిలి కోటలో మాత్రం అవి లేకపోతేనే తప్పు. అలాగని గ్రాంథికంలో ముంచేయనక్కర్లేదు. నా పద్ధతి ఇది: కథనం ఇవాళ్టి తెలుగులో, సంభాషణ కొంచెం నిదానంగా, కాలానికి చెందని మాటలు తీసేసి. పాత మాటలు ఎక్కువ పెట్టడం కన్నా కొత్త మాటలు తగ్గించడమే బాగా పనిచేస్తుంది. డబ్బు కాకతీయుల కాలంలో గద్యాణం, మాడ, చిన్నం, రూక. విజయనగరంలో వరహా. దూరానికి ఆమడ, కాలానికి ఘడియ, జాము.

ఈ సామాను ఎక్కడ దొరుకుతుందంటే, రాజుల చరిత్రల్లో కన్నా వీధుల గురించి రాసిన కావ్యాల్లో. క్రీడాభిరామం తీసుకోండి. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు ఒక రోజంతా తిరుగుతారు. లక్ష్మణవజ్ఝల పూటకూటింట్లో ఒక్క రూకకు ఏం పెడతారో ఒక పద్యం చెబుతుంది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. మెనూకార్డు, ధరతో సహా. అయితే ఈ కావ్యం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగు రూపం, పైగా కాకతీయులు పోయాక వచ్చింది. కాబట్టి రుద్రమ కాలానికి వాడేటప్పుడు తరాల తేడా ఉందని గుర్తుంచుకుని వాడండి.

చాటువులకూ ఇదే జాగ్రత్త. "చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు నాపరాళ్లు" అన్న పద్యం శ్రీనాథుడి పేరు మీద తిరుగుతోంది. ఆయనే చెప్పాడో లేదో ఎవరూ రుజువు చేయలేరు. నవలకు అది అడ్డం కాదు. పల్నాటి ఎండలో జొన్నకూడు తిని విసిగిన ఒక పెద్దకవి అలా అని ఉంటాడని జనం నమ్మారు. ఆ నమ్మకం కూడా ఒక మూలమే. పాత్ర చేత పద్యం మొత్తం చదివించకండి. సగంలో ఎవరో అడ్డుపడేలా చేయండి. అప్పుడు అది ఆ క్షణంలో పుట్టినట్టు ఉంటుంది.

8. మార్పుల చిట్టా రాయండి

మొదటి అధ్యాయం నుంచే ఒక చిట్టా పెట్టుకోండి. ఎడమవైపు మూలం ఏమంటోంది, మధ్యలో నేనేం చేశాను, కుడివైపు ఎందుకు. నవల పూర్తయ్యాక గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు. ఆరు నెలలు గడిచాక మీ కల్పన మీకే చరిత్రలా కనిపించడం మొదలవుతుంది. నాకు మేకలకాపరి విషయంలో అదే జరిగింది. ఒకరోజు అతని పేరు కోసం సీవెల్ పుస్తకం పేజీలన్నీ తిరగేశాను.

ఈ చిట్టాలోంచి నవల చివర రెండు పేజీల రచయిత మాట తయారవుతుంది. అందులో అన్నీ చెప్పక్కర్లేదు. శాసనానికి విరుద్ధంగా ఎక్కడ పోయారో, ఏ ప్రధాన పాత్ర పూర్తిగా కల్పనో, ఏ పాత నవలకు రుణపడ్డారో చెబితే చాలు. పాపారాయుడి పేరున్న పనిని పేరులేని నలుగురికి ఇచ్చారంటే ఆ మాట తప్పకుండా రాయండి. ఆ కథను తమ ఇంటి కథగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉత్తరాలు వస్తాయి. కొందరు కోప్పడతారు. ఎవరో ఒకరు మాత్రం మా తాత ఇంకోలా చెప్పేవాడు అని నాలుగు పేజీలు రాసి పంపుతారు. ఆ కాగితాలను తేదీ వేసి, ఎవరు చెప్పారో, వాళ్లకు ఎవరు చెప్పారో రాసి, మిగతా మూలాల పక్కనే పెట్టండి.